చేతిలో మార్కులున్నంతకాలం

పెదనాన్న ఒంగోలు ప్రాంతంలో చాలాకాలం సంఘకాపరిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఆయన తమ్ముడి కూతురు ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మైలో, ఒక క్రైస్తవ పాఠశాలలో ఇంగ్లిషు టీచరు. నవంబరులో ఆయన ఆమెను చూడబోయినప్పుడు నడిచిన మాటలుగా దీన్ని రాస్తున్నాను. ఇద్దరూ నేను ఊహించుకున్న మనుషులే. వాదం మాత్రం ఊహ కాదు. పరాయి దేశంలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్న మన క్రైస్తవ బిడ్డలకూ ఇంటి దగ్గర వాళ్లకోసం ప్రార్థించే పెద్దలకూ మధ్య ఇది ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది. నా మొగ్గు అమ్మాయి వైపు. అయినా పెదనాన్న బలాన్ని తగ్గించి రాయలేదు. ఆయన్ను తేలిక చేస్తే ఆమె చెప్పేదానికి కూడా విలువ ఉండదు.

పెదనాన్న: నిన్న మీ బళ్లో చూసింది నాకింకా మింగుడుపడలేదమ్మా. అరటిబోదెను బిళ్లలుగా కోసి పిల్లలకు పంచిపెట్టావు. వాళ్లు చుట్టూ ఆకు మడిచి, పూలు గుచ్చి, నడిమధ్య కొవ్వొత్తీ అగరొత్తులూ నిలబెడుతుంటే పక్కన కూర్చుని గుండుసూదులు అందించావు. రాత్రికి అవన్నీ పింగ్ నదిలో తేలాయి. మన ఊళ్లో కార్తీక పౌర్ణమికి అరటిదొప్పల్లో దీపాలు వదిలేవాళ్లు. మీ తాత ఆ పూట మమ్మల్ని ఏటి గట్టు తొక్కనిచ్చేవాడు కాదు. అదే పౌర్ణమి, అదే అరటిదొప్ప. ఇంత దూరం వచ్చి నువ్వు చేస్తున్న పని ఇదా?

అమ్మాయి: అదే పౌర్ణమి పెదనాన్నా. ఇక్కడ లోయ్ క్రతోంగ్ అంటారు. ఏడాది పొడుగునా నీళ్లు వాడుకున్నందుకూ మురికి చేసినందుకూ గంగమ్మను క్షమించమని అడుగుతారు. నేను బోదె కోశాను, సూదులు అందించాను. దీపం వెలిగించలేదు, వదల్లేదు, ఏ కోరికా కోరుకోలేదు. గట్టున పిల్లలు జారిపడకుండా కాపలా ఉన్నాను. మా తరగతి పిల్ల ఒకతి, టీచర్ మీరు వదలరా అని అడిగింది. నా ప్రార్థన నేను వేరేగా చేసుకుంటానమ్మా అన్నాను. సరేనని తన క్రతోంగ్ తీసుకుని మెట్లు దిగిపోయింది. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. నేనెవరో కూడా ఆ పిల్లకు తెలిసింది.

పెదనాన్న: షద్రకు, మేషాకు, అబేద్నెగో కూడా పరాయి రాజు కొలువులో ఉద్యోగులే. వాద్యాలు మోగినప్పుడు వాళ్లు నిటారుగా నిలబడ్డారు. మేము మొక్కలేదు, డోలు మాత్రం అందించాం అని సర్దుకోలేదు.

అమ్మాయి: నయమాను సంగతో? సండే స్కూల్లో మీరు చెప్పిన కథే. యొర్దానులో ఏడు మునకలు వేసి కుష్ఠు పోగొట్టుకున్న సేనాధిపతి. మీరెప్పుడూ కథను అక్కడే ఆపేవారు. ఆ తర్వాత ఆయన ఎలీషాను ఒకటి అడుగుతాడు. మా రాజు రిమ్మోను గుడికి వెళ్లి నా చేతిమీద ఆనుకుని వంగుతాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దేవుడు దాన్ని మన్నిస్తాడా అని. ఎలీషా గద్దించలేదు. సమాధానంతో సాగనంపాడు.

పెదనాన్న: నయమాను అప్పుడే నమ్మిన మనిషి. పాలు తాగే బిడ్డకు ఇచ్చిన వెసులుబాటు అది. నువ్వు నాలుగో తరం దానివి. నీకు గట్టి ఆహారం పెట్టి పెంచాం.

అమ్మాయి: ఆ మాటకు నా దగ్గర ఎదురు లేదు. కానీ పండగ ఒక్కరోజు పెదనాన్నా. నా బతుకు మిగతా రోజుల్లో ఉంది. అది కూడా చూసి తీర్పు చెప్పండి. తెల్లారకముందే భిక్షువులు చెప్పుల్లేకుండా మా సందులోంచి వెళ్తారు. ఇంటి యజమానురాలు మోకాళ్లమీద కూర్చుని వాళ్ల పాత్రల్లో వేడి అన్నం వేస్తుంది. నాకూ అన్నం గిన్నె ఇచ్చి వెయ్యమంది మొదట్లో. నేను వెయ్యలేనండీ, కానీ మీకు తోడుగా బయట ఉంటాను అన్నాను. అప్పట్నుంచి ఆవిడకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైన రోజున లేపి నిలబెట్టేది నేనే. ఏడున్నరకు బడి గేటు దగ్గర డ్యూటీ. ఒక్కో పిల్లా వచ్చి చేతులు జోడించి తలవంచుతుంది, నేనూ జోడిస్తాను. ఎనిమిదింటికి జాతీయగీతం, జెండా. మాది క్రైస్తవ బడి కాబట్టి ఆ తర్వాత మన ప్రార్థన. సర్కారు బళ్లలో అయితే అదే చోట బౌద్ధ ప్రార్థన ఉంటుంది. మా పిల్లల్లో ఎక్కువమంది బౌద్ధులే. మన ప్రార్థనకు చేతులు కట్టుకుని కళ్లు మూసుకుంటారు. మర్యాదగా వింటారు. బుద్ధుడి పాఠం వాళ్ల సాంఘికశాస్త్రంలో ఉంది, క్రైస్తవ బడి కూడా చెప్పాల్సిందే.

పెదనాన్న: తిండి సంగతి? మీ స్టాఫ్‌రూంలో బల్లమీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఎవరి ముందు పెట్టి తెచ్చిందో నీకేం తెలుసు?

అమ్మాయి: చైనా కొత్త సంవత్సరానికి పెద్దల పటాల ముందు పెట్టిన కోడీ బాతూ వస్తాయి. ఎక్కడిదని నేను అడగను. ఇది మొక్కి తెచ్చిందని ఎవరైనా నోరు తెరిచి చెప్తే, దండం పెట్టి వద్దంటాను. కొరింథు సంఘానికి పౌలు రాసిన పద్ధతే అది. ఎవరైనా చనిపోతే బడి మొత్తం నల్లబట్టల్లో వెళ్తుంది. భిక్షువులు వల్లిస్తున్నంతసేపూ నేనూ కూర్చుంటాను. అగరొత్తి ముట్టించను. చనిపోయినాయన భార్య పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంటాను. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు.

(నా మట్టుకు నాకు ఈ చిన్న హద్దుల మీద గౌరవం ఉంది. దేనికి వంగాలో, దేని దగ్గర ఆగాలో ప్రతి పూటా తేల్చుకోవడం ఇంటి దగ్గర కూర్చుని తీర్మానాలు చేసినంత సులువు కాదు. బైబిల్లో ఈ విషయం మీద ఒక్క నమూనా లేదు, దానియేలు స్నేహితులూ ఉన్నారు, నయమానూ ఉన్నాడు. మనం మాత్రం ప్రసంగాల్లో మొదటివాళ్లనే ఎక్కువగా తలుచుకుంటాం.)

పెదనాన్న: తిండీ చావూ నేను పట్టుబట్టను. నా అసలు బాధ వేరే ఉంది. ఇన్నేళ్లుగా ఇక్కడున్నావు. నీ చేతిమీదుగా ఒక్క ఆత్మ అయినా ప్రభువు దగ్గరికి వచ్చిందా? నేను ప్రతి శుక్రవారం ఉపవాస కూడికలో నీ పేరు చెప్పి కోత కోసం ప్రార్థిస్తున్నాను.

అమ్మాయి: ఈ నేల అట్లాంటిది. ప్రెస్బిటేరియన్లు 1840లో బ్యాంకాక్‌లో మొదలుపెడితే మొదటి థాయి విశ్వాసి నై చూన్ 1859లో వచ్చాడు. పంతొమ్మిదేళ్లు పట్టింది. డాక్టర్ డాన్ బీచ్ బ్రాడ్లీ 1835లో వచ్చాడు, చివరికి ఇక్కడే చనిపోయాడు. మశూచికి టీకాలు వేశాడు, అచ్చుయంత్రం నడిపాడు, మొదటి వార్తాపత్రిక తెచ్చాడు. ఆయన వైద్యాన్నీ అచ్చునీ అందరూ తీసుకున్నారు, మతం మాత్రం తీసుకోలేదు. ఇవాళ్టికీ ఈ దేశంలో క్రైస్తవులు నూటికి ఒకరు. వాళ్లలో కూడా కరెన్, లాహు లాంటి కొండజాతులవాళ్లు చాలామంది.

పెదనాన్న: మన నెల్లూరు మిషనూ అట్లాగే మొదలైంది. ఫలితం లేదు, మూసేద్దామని అమెరికాలో ఎన్నిసార్లు అనుకోలేదు? మూసేసి ఉంటే? 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఎట్లా జరిగేది? ఓపిక పట్టడం వేరు, నోరు కట్టుకోవడం వేరు. వాళ్లు ఫలితం లేకపోయినా చెప్తూనే ఉన్నారు. నువ్వు చెప్పడమే మానేశావు.

అమ్మాయి: చెప్పడం మానలేదు. తరగతి గదిలో చెప్పను. రెండూ ఒకటి కాదు.

పెదనాన్న: తరగతి గదిలో చెప్పకపోవడమేమిటి? అక్కడే కదా మనవాళ్లకు చెప్పింది. మీ ముత్తాత పలక పట్టింది మిషను బళ్లో. ఊళ్లో బడి అరుగు ఎక్కనిచ్చేవాళ్లు కాదు ఆయన్ను. ఆ బళ్లో టీచరు ఒక చేత్తో అక్షరం ఇచ్చాడు, ఇంకో చేత్తో వాక్యం ఇచ్చాడు. ఆయన నీలాగా, ఈ పిల్లవాడు నా విద్యార్థి, వీడి ముందు దేవుడి మాట ఎత్తకూడదు అనుకుని ఉంటే మీ ముత్తాత ఏమయ్యేవాడు? చెప్పులు కుట్టి, చచ్చిన గొడ్డును మోసి, దొర పిలిస్తే దూరంగా నిలబడి పలికేవాడు. నువ్వు ఎం.ఏ. చదివి విమానమెక్కి ఈ దేశానికి వచ్చి, నా నియమం ఇది అని చెప్పగలుగుతున్నావంటే, ఆ టీచరు నియమం అది కాదు కాబట్టే. ఎక్కిన నిచ్చెన తన్నేసి నీతి మాట్లాడకూడదమ్మా.

(దీన్ని దాటవేసి ముందుకు పోవడం నావల్ల కాదు. తెలుగునేల మీద పల్లెల్లో బడీ గుడీ ఒకే తాటాకు పాకలో మొదలైన చోట్లు ఎన్నో. ఆ రెండింటినీ విడదీసి ఇది విద్య, ఇది మతం అని చెప్పే తీరిక ఆనాటి మాదిగ పిల్లవాడికి లేదు. మనిషిగా పిలిచిన మొదటి గొంతు అతనికి ఆ పాకలోంచే వినిపించింది. మతమార్పిడి గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని మాట్లాడితే బాగుంటుంది.)

అమ్మాయి: ఆ రుణం నేను మరచిపోలేదు పెదనాన్నా. మీరు గుండ్లకమ్మ బాప్తిస్మాల మాట ఎత్తారు కాబట్టి, వాటిని జరిపించిన క్లౌ దొరగారి దగ్గర్నుంచే మాట్లాడతాను. 1878కి ముందు రెండేళ్లు ఏం జరిగింది?

పెదనాన్న: ధాత కరువు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథే. దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొన్ని మైళ్లు కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు. మన బోధకులే మేస్త్రీలు.

అమ్మాయి: ఆ కరువు పని నడిచినంతకాలం ఎన్ని బాప్తిస్మాలు ఇచ్చాడు?

పెదనాన్న: ఇవ్వలేదు. జనం వచ్చి అడిగినా ఆపాడు. కూలికోసం వచ్చారన్న మాట రాకూడదని, సాయం ముగిసేదాకా ఆగాడు. ఆ సంగతి నేనే వందసార్లు ప్రసంగించాను.

అమ్మాయి: నేనూ మీ దగ్గరే విన్నాను. ఆయన చేతిలో బియ్యం ఉన్నంతకాలం బాప్తిస్మం ఇవ్వలేదు. నా చేతిలో మార్కులున్నాయి పెదనాన్నా. పిల్ల పై తరగతికి వెళ్లాలంటే నా సంతకం కావాలి. వాళ్ల అమ్మకు నేను రాసే నాలుగు మంచి మాటలు కావాలి. అట్లాంటి పిల్ల నా ఎదురుగా కూర్చుని, ప్రభువును నమ్ముతాను టీచర్ అంటే, ఆ మాట ఎవరికోసం అందో నాకెట్లా తెలుస్తుంది? ఆ పిల్లకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

పెదనాన్న: తెలుసుకునేది ప్రభువు. నీ పని విత్తడం.

అమ్మాయి: మీరు జూన్‌లో ఇక్కడ లేరు. ఉండి ఉంటే నేను ఎందుకింత పట్టుబడుతున్నానో చూసేవారు. కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యాక ఒక గురువారం గురువందనం జరుగుతుంది, వై ఖ్రూ అంటారు. దేశంలో ప్రతి బళ్లోనూ ఉంటుంది. టీచర్లం వరుసగా వేదికమీద కుర్చీల్లో కూర్చుంటాం. ప్రతి తరగతి నుంచీ ఇద్దరేసి పిల్లలు మోకాళ్లమీద పాకుతూ వస్తారు. చేతుల్లో పీటల్లాంటి పళ్లేల మీద వాళ్లే అల్లిన పూల గోపురాలు. అందులో నూరువరహాల పూలు పెడతారు, వాటి మొగ్గ సూదిలా ఉంటుంది కాబట్టి బుద్ధి అట్లా పదునెక్కాలని. గరిక పెడతారు, అది పాకినట్టు చదువు పాకాలని. వంగపువ్వు పెడతారు, కాయ కాసేముందు అది తలవంచుతుంది కాబట్టి అణకువ రావాలని. పేలాలు కూడా వేస్తారు, అవి గిన్నెలో అదుపులో ఉండి పేలినట్టు తామూ క్రమశిక్షణలో ఉండి ఎదగాలని. మన పెరట్లో ఉండేవే అన్నీ. ఆ పిల్లలు నా పాదాల ముందు నేలకు నుదురు ఆనించారు. మా బడి క్రైస్తవ బడి కాబట్టి పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాటలు పాడాం. అయినా పిల్లల మోకాళ్లు మోకాళ్లే. ఆ వంగిన తలల్ని చూస్తూ నేను వణికిపోయాను. వీళ్లు నేనేం పెట్టినా తినేస్తారు. తల్లిదండ్రులకు ఎదురు చెప్పే పిల్లలు కూడా గురువుకు ఎదురు చెప్పరు ఇక్కడ. కాదనడం రాని పిల్లతో అవుననిపించుకోవడంలో ఏం విశ్వాసం ఉంది?

పెదనాన్న: నీ వణుకు నాకు అర్థమైంది. కానీ నీ వాదాన్ని మీ చియాంగ్ మైలోనే ఒకాయన ఎప్పుడో తోసిపుచ్చాడు. మిషనరీ మెక్‌గిల్వరీ. నువ్వు ఇచ్చిన పుస్తకమే, రాత్రి చదివాను. గ్రహణం పాఠం చెప్పి కదా ఆయన మొదటి విశ్వాసిని సంపాదించింది?

అమ్మాయి: నాన్ ఇన్తా. మీరు ఆ తేదీ చూశారా? 1868 ఆగస్టు 18. మన గుంటూరు గ్రహణం అది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ వచ్చి గుంటూరులో దుర్భిణి పెట్టుకున్నది ఆ రోజే. సూర్యుడి అంచు కాంతిలో పసుపు గీత కనబడింది, ఆ గీతకు కారణమైన మూలకానికే తర్వాత హీలియం అని పేరు పెట్టారు. అదే గ్రహణాన్ని సయాం దక్షిణ తీరంలో చూడటానికి రాజు మోంగ్‌కుట్ స్వయంగా లెక్కకట్టి వెళ్లాడు. అక్కడ మలేరియా పట్టి అక్టోబరు 1న చనిపోయాడు. ఇక్కడ చియాంగ్ మైలో మెక్‌గిల్వరీ వారం ముందే నాన్ ఇన్తాకు చెప్పాడు, ఫలానా రోజు సూర్యుడికి గ్రహణం పడుతుంది, రాహువు మింగడం కాదు అని. చెప్పినట్టే పట్టింది. 1869 జనవరిలో నాన్ ఇన్తా బాప్తిస్మం తీసుకున్నాడు.

పెదనాన్న: మరి? పాఠంలోంచే విశ్వాసం పుట్టింది కదా.

అమ్మాయి: నాన్ ఇన్తా ఎవరు? గుడిలో సన్యాసిగా ఉండి చదువుకున్నవాడు, తన ధర్మంలో పండితుడు. తానే వచ్చి వాదించాడు, నెలల తరబడి. మెక్‌గిల్వరీ చేతిలో ఆయనకు కావలసిన మార్కులేమీ లేవు. కాదనడానికి ఆయనకు అన్ని వీలులూ ఉన్నాయి, అవుననడానికే ప్రమాదం ఉంది. ఎంత ప్రమాదమో ఆ ఏడే తెలిసింది. నాన్ చాయ్, నోయ్ సున్యా అని మరో ఇద్దరు విశ్వాసుల్ని ఇక్కడి పాలకుడు కావిలోరోట్ పట్టించి చంపించాడు. 1869 సెప్టెంబరులో. అట్లా ఎంచుకున్నవాళ్ల ముందు నేను తలవంచుతాను. మన తెలుగునేల మీద యర్రగుంట్ల పేరయ్య కూడా అట్లాంటివాడే. తోళ్ల వ్యాపారం చేసుకునే పెద్దమనిషి, విన్నది గుండెకు తగిలి తానే దొరల్ని వెతుక్కుంటూ నడిచి వెళ్లాడు. మా ఎనిమిదో తరగతి పిల్ల పేరయ్య కాదు.

పెదనాన్న: ఆ ఇద్దరి రక్తం ఊరికే పోలేదు. 1878లో మతస్వేచ్ఛ శాసనం వచ్చింది ఇక్కడ. మనకు గుండ్లకమ్మ, వీళ్లకు శాసనం, ఒకే ఏడు. నాకు రాత్రి ఆ పేజీ దగ్గర కళ్లు చెమర్చాయి.

అమ్మాయి: ఎందుకు వచ్చిందో కూడా చదివారు కదా. ఇద్దరు క్రైస్తవులు పెళ్లి చేసుకోబోతే, కుటుంబపెద్ద తమ ఇంటి దయ్యాలకు సుంకం కట్టాలని పట్టుబట్టాడు. మెక్‌గిల్వరీ బ్యాంకాక్‌కు రాసుకున్నాడు. రాజు చులాలాంగ్‌కార్న్ అధికారంతో శాసనం వెలువడింది. ఎవరి ఇష్టం వచ్చిన మతం వాళ్లు పాటించవచ్చు, బలవంతం కూడదని. ఆ బలవంతం మాట నాకూ వర్తిస్తుందని నేననుకుంటున్నాను.

పెదనాన్న: నిన్ను బలవంతం చెయ్యమని ఎవరన్నారు? చెప్పమన్నాను. నీకు భయంగా ఉంది. వీసా పోతుందని, ఉద్యోగం పోతుందని. ఆ భయానికి మర్యాద అని పేరు పెట్టుకున్నావు.

అమ్మాయి: చట్టం ఇక్కడ కఠినం కాదు. రాజ్యాంగంలో మతస్వేచ్ఛ ఉంది. రాజు బౌద్ధుడై ఉండాలి, కానీ అన్ని మతాలకూ సంరక్షకుడు. సువార్తికులకు వేరే వీసా ఉంది, నా వర్క్ పర్మిట్‌లో టీచరు అని ఉంది. తల్లిదండ్రులు నన్ను నమ్మి పిల్లల్ని పంపింది ఇంగ్లిషు కోసం. మోంగ్‌కుట్ అన్నా లియోనోవెన్స్‌ను రాజకుమారుల చదువుకు పిలిచినప్పుడు, 1862లో, ఇంగ్లిషు నేర్పండి, మతం మార్చే ప్రయత్నం వద్దని ముందే రాశాడు. మన అహ్మద్‌నగర్‌లో పుట్టిన మనిషే ఆవిడ. ఎందుకట్లా రాశాడంటే, అంతకుముందు అంతఃపురంలో పాఠాలు చెప్పిన మిషనరీ భార్యలు పాఠం మధ్యలో ప్రసంగం కలిపేవాళ్లు. ఇంకోవైపు మిషనరీ కాస్వెల్‌ను చూడండి. మోంగ్‌కుట్ సన్యాసిగా ఉన్న రోజుల్లో ఆయనకు ఇంగ్లిషు చెప్పాడు. బదులుగా ఏమడిగాడు? మీ గుడి ఆవరణలో బోధించుకోవడానికి చోటు ఇవ్వమని. పాఠం పాఠమే, బోధ బోధే, రెండూ పట్టపగలు, ఎదటివాడికి తెలిసే. మోంగ్‌కుట్ బౌద్ధుడిగానే చనిపోయాడు. కానీ రాజయ్యాక తన గురువు భార్యకు డబ్బు పంపించాడు.

పెదనాన్న: శిష్యుడు డబ్బు పంపితే ఆత్మ రక్షింపబడుతుందా? యెహెజ్కేలు చదువు. కావలివాడు కత్తి రావడం చూసి కూడా బూర ఊదకపోతే, ఆ రక్తం కావలివాడి మీదే. ఆ పిల్ల, నిన్న క్రతోంగ్ వదిలిన పిల్ల, రేపు ఏ మోటారుసైకిలు కింద పడో పోతే? నీ ముందు అన్ని రోజులు కూర్చుని నీ నోట ప్రభువు పేరు వినకుండా పోయిందని దేవుడు లెక్క అడిగితే ఏం చెప్తావు?

అమ్మాయి: ఆ లెక్క రాత్రిళ్లు నన్ను నేనే అడుగుతుంటాను పెదనాన్నా. జవాబు దొరికిందని చెప్పను. ప్రభువు పేరు వాళ్లు విననిది కాదు, రోజూ పొద్దున ప్రార్థనలో వింటున్నారు, బడి పేరులోనే ఉంది, చేర్చేటప్పుడే తల్లిదండ్రులకు తెలుసు. నా దగ్గర వాళ్లు వెతికేది వేరే. మొదట్లో నా తోటి టీచర్లు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: ఇండియా నుంచి వచ్చి క్రైస్తవురాలివెట్లా అయ్యావు అని. వాళ్ల దృష్టిలో ఇది తెల్లవాళ్ల మతం. ఇండియా అంటే బుద్ధుడి దేశం, బుద్ధగయ. గుంటూరు దగ్గర అమరావతి అంటే ఒక చరిత్ర టీచరు చేతులు జోడించాడు నాకు, ఆ ఊరి శిల్పుల ముద్ర ఇక్కడి ద్వారవతి బొమ్మల మీద ఉందని. ఆయనకు మన పల్లె కథ చెప్పాను. ఊరి బయట ఎందుకు ఉండేవాళ్లమో, ఎవరు పిలిస్తే లోపలికి వచ్చామో. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత రోజూ ఏదో ఒకటి అడుగుతున్నాడు. ఆయన నా ఈడువాడు, నా మార్కులు ఆయనకు అక్కర్లేదు. ఆయనకు అన్నీ చెప్తాను, దాచకుండా. శిలువ గురించి కూడా.

పెదనాన్న: ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా.

అమ్మాయి: మీరు కోత గురించి అడిగారు. ఆయన కోత కాదు, స్నేహితుడు. పిల్లల్లోనూ ఉన్నారు. పోయిన మార్చిలో చదువు ముగించుకుని వెళ్లిన ఒక అమ్మాయి మేలో మా ఇంటికి వచ్చింది. కొండమీది కరెన్ పిల్ల కాదు, ఈ ఊరి పిల్లే, వాళ్లమ్మమ్మ రోజూ భిక్షువులకు అన్నం పెట్టే మనిషి. టీచర్, ఇప్పుడు మీ దగ్గర నాకు పరీక్షలేమీ లేవు కదా, ఒకటి అడగొచ్చా అంది. అప్పటిదాకా ఆగింది ఆ పిల్ల కూడా! నన్ను చూసి తానే ఆ హద్దు గ్రహించింది. మూడు గంటలు మాట్లాడుకున్నాం. మా చర్చికి రావొచ్చా అంటే, ముందు మీ అమ్మమ్మకు చెప్పి రా అన్నాను. చెప్పి వచ్చింది. అప్పుడప్పుడూ ఆదివారం వస్తుంది, వెనక వరసలో కూర్చుంటుంది. బాప్తిస్మం మాట నేను ఎత్తలేదు.

పెదనాన్న: ఎప్పుడు ఎత్తుతావు?

అమ్మాయి: తనే ఎత్తినప్పుడు.

పెదనాన్న: క్లౌ దొరగారు ఆగింది నెలలమ్మా. కరువు తీరగానే ఏట్లో బాప్తిస్మాలు ఇప్పించాడు. నువ్వు ఆగుతూనే ఉంటావేమోనని నా భయం. ఆగడం అలవాటైపోతే చెప్పడం మర్చిపోతాం. పెద్దవాడిగా అంటున్నాను, తప్పుగా తీసుకోకు.

అమ్మాయి: తీసుకోను. ఆ భయం మీరు నాకోసం పడుతూ ఉండండి. నాకది కావాలి.

(రాస్తూ రాస్తూ నేను పెదనాన్నకు ఎక్కువ చోటు ఇచ్చింది ఇక్కడే. అమ్మాయి నియమం సరైనదని నమ్ముతూనే, దానికి కాపలా కూడా ఉండాలని నాకు అనిపిస్తుంది. మర్యాద పేరుతో మౌనం పెరిగిపోయిన ఇళ్లు నేను చూశాను. అట్లాగని మార్కుల పుస్తకం చేతిలో పట్టుకుని సాక్ష్యం చెప్పే టీచర్లనూ చూశాను. ఈ రెండింట్లో పిల్లకు ఎక్కువ కీడు చేసేది రెండోదే అని నా తీర్పు. విద్యార్థి నోట వచ్చిన అవునులో ఎంత విశ్వాసమో, ఎంత భయమో ఆ టీచరుకు జీవితాంతం తెలియదు.)

పెదనాన్న: సరే. ఆ పిల్ల పేరు చెప్పు. శుక్రవారం కూడికలో పెడతాను. నీ తరగతి పిల్లల పేర్లు కూడా రాసివ్వు, ఒక్కొక్కరి కోసం ప్రార్థిస్తాం.

అమ్మాయి: పేర్లు మీకు రాసిస్తాను. మీరు, పెద్దమ్మ, ఇంట్లో మోకరించి చెప్పుకోండి. కూడికలో చదవొద్దు.

పెదనాన్న: ఎందుకు? ఎక్కడో ఉన్న పిల్లలు, మన పల్లెలో వాళ్లనెవరు గుర్తుపడతారు?

అమ్మాయి: ఎవరూ గుర్తుపట్టరు. కానీ వాళ్ల అమ్మానాన్నలు పక్కనే కూర్చుని ఉంటే మీరు చదవగలరా?

పెదనాన్న: ... చదవలేను. పోనీ, ఒక ఫొటో? గురువందనం నాటిది. నువ్వు కుర్చీలో, వాళ్లు పూలు పట్టుకుని. సంఘంలో గోడకు పెట్టుకుంటాం, మన అమ్మాయి పరిచర్య అని. మీ నాన్న కానుకలు పోగుచేసి పంపాడు, నీ చదువుకు సంఘమంతా తలా కాస్త వేసింది. వాళ్లకూ చూడాలని ఉంటుంది కదా.

అమ్మాయి: పిల్లలు మోకాళ్లమీద ఉన్న ఫొటో ఇవ్వను పెదనాన్నా. నేను తెల్లబోర్డు దగ్గర నిలబడి ఉన్నది ఒకటి ఉంది. ఈ దేశం లెక్కలో ఏడాదికి 543 కలపాలి కాబట్టి బోర్డు మీద 2568 అని ఉంటుంది, మన పిల్లలకు చూపించి ఎందుకో కనుక్కోమనండి. అది తీసుకెళ్లండి.

పెదనాన్న: అందులో పిల్లలెవరూ లేరా?

అమ్మాయి: లేరు. నేనూ బోర్డూ.

పెదనాన్న: సంఘం అడుగుతుంది, ఫలితం ఎక్కడ అని.

అమ్మాయి: అడగనివ్వండి. డిసెంబరు 25 ఇక్కడ సెలవు రోజు కాదు. మా బళ్లో కార్యక్రమం ఉంటుంది గానీ ఊరంతా పనిలో ఉంటుంది. అందుకే ఈసారి సెమీ క్రిస్మస్‌కు సెలవు పెట్టి ఇంటికి వస్తున్నాను. ఆ ప్రశ్న నన్నే అడగమనండి. మీకు చెప్పినట్టే చెప్తాను.

పెదనాన్న: నాతో వాదించినంత సులువు కాదమ్మా అది. మీ పెద్దమ్మ ఒక్కతే చాలు నిన్ను నిలదీయడానికి.

అమ్మాయి: అయితే ముందు రోజే వస్తాను. అరిసెల పిండి కలుపుతూ పెద్దమ్మతో మొదలుపెడతాను.